ఘాటు నేల నుంచి ఘాట్ రోడ్డుకు

మిర్చి, పత్తి పండే నల్లరేగడి నేలలో రోడ్లు గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి. ఎత్తుల్లేవు, పల్లాల్లేవు. అందుకే అక్కడ కారు బ్రేకులు అరిగినా ఆ సంగతి తొందరగా బయటపడదు. బయటపడేది రెండొందల కిలోమీటర్ల అవతల, నల్లమల మలుపుల్లో! గుంటూరు నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం దాకా... బ్రేకుల మాట వింటూ ఓ ప్రయాణం.

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు తుమ్ములతోనే నిద్రలేస్తుంది. మిర్చి యార్డు వైపు వెళ్లే దారుల్లో లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు బారులు తీరతాయి. సీజన్ ఊపందుకుంటే ఒక్కరోజులోనే లక్షకు పైగా టిక్కీలు యార్డుకు చేరతాయి. తేజ, 334, 341... రకం ఏదైనా ఘాటు మాత్రం తప్పదు. కారు అద్దాలు బిగించుకున్నా సరే, ముక్కు పట్టుకోవాల్సిందే.

సరిగ్గా ఈ రోజుల్లోనే శివరాత్రి వస్తుంది. పంట డబ్బు చేతికొచ్చే కాలం, శివయ్యను చూసే కాలం ఒక్కటి కావడంతో గుంటూరు, ప్రకాశం పల్లెల నుంచి కార్లు కోటప్పకొండకూ శ్రీశైలానికీ బయల్దేరతాయి. అయిదుగురు కూర్చోవాల్సిన బండిలో ఏడుగురు. డిక్కీలో బియ్యం మూట, వంట సామాన్లు. వెనక అద్దం దగ్గర పిల్లల దుప్పట్లు. టైర్లలో గాలి చూస్తారు. డీజిల్ నింపుతారు. నిమ్మకాయలు తొక్కిస్తారు. బ్రేకులు? ‘‘బానే పడతన్నయ్ గదా!’’ అన్న ఒక్క మాటతో ఆ తనిఖీ అయిపోతుంది.

మరి అవి ఎక్కడ బానే పడుతున్నాయి? బల్లపరుపు నేల మీద! చిక్కంతా అక్కడే ఉంది.

తిన్నని రోడ్డు దాచే గుట్టు

గుంటూరు నుంచి పేరేచర్ల, ఫిరంగిపురం, నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం, ఎర్రగొండపాలెం మీదుగా దోర్నాల చేరి, అక్కడి నుంచి ఆత్మకూరు వైపు సాగిపోయేది పాత కర్నూలు - గుంటూరు రోడ్డు. ఈ చుట్టుపక్కల వాళ్లు ముద్దుగా ‘కేజీ రోడ్డు’ అంటారు. 2022లో జిల్లాలు విడిపోయి నరసరావుపేట పల్నాడుకు కేంద్రమైంది గానీ, రోడ్డు మాత్రం అదే. అవే పత్తి చేలు, అవే మిరప కళ్లాలు, అవే వేపచెట్లు.

ఈ దారిలో చాలా దూరం బ్రేకుకు పెద్దగా పని ఉండదు. కాలు యాక్సిలరేటరు మీద నుంచి తీస్తే చాలు, బండి దానంతటదే నెమ్మదిస్తుంది. ఎప్పుడో ఓ గేదెల మంద, ఓ స్పీడ్ బ్రేకర్, రోడ్డు వారన ఆరబోసిన మిర్చి పట్టాలు. ఒక్కసారి తొక్కితే బండి ఆగుతుంది. బ్రేకు సగం అరిగినా ఆగుతుంది, ముప్పాతిక అరిగినా ఆగుతుంది. కాకపోతే రెండు గజాలు అవతల ఆగుతుంది. ఆ రెండు గజాల తేడాను మనం పట్టించుకోం.

అసలు బ్రేకు చేసే పని ఏమిటి? పరుగెత్తే బండిలోని శక్తిని వేడిగా మార్చి గాల్లోకి వదిలేయడం. అంతే. వేగం రెట్టింపైతే ఆ శక్తి నాలుగింతలవుతుంది. అంటే యాభైలో వెళ్లే బండిని ఆపినప్పుడు పుట్టే వేడికి, వందలో వెళ్లేదాన్ని ఆపినప్పుడు పుట్టే వేడి నాలుగు రెట్లు. మైదానంలో ఒకసారి ఆపాక మళ్లీ ఆపేలోపు చల్లారడానికి బోలెడు సమయం. ఘాట్‌లో దిగేటప్పుడు ఆ వెసులుబాటు ఉండదు. ఒక మలుపు వేడి చల్లారకముందే ఇంకో మలుపు. అందుకే చదును నేలలో ‘పాస్’ అయిన బ్రేకు కొండ దిగుతూ ‘ఫెయిల్’ అవుతుంది.

అలాగని అది చెప్పకుండా పోదు. పోయేముందు చాలా రోజులు చెబుతూనే ఉంటుంది. చెవికి, కాలికి, చేతికి, ముక్కుకు, కంటికి... ఒక్కోసారి ఒక్కోదానికి. వినాల్సింది మనమే.

గోడ పక్కన చెవి పెట్టండి

గుంటూరు చుట్టుపక్కల రోడ్ల మీద మీకు బాగా కనిపించేవి శీతల గిడ్డంగులు. అమ్ముడుపోని మిర్చికి, మంచి ధర కోసం ఎదురుచూసే మిర్చికి అవే విడిది. వాటి ప్రహరీలు పొడవుగా, ఎత్తుగా ఉంటాయి. ఆ గోడలు మిర్చికే కాదు, మీ కారుకూ పనికొస్తాయి!

ఎలాగంటే... రద్దీ లేని సమయంలో అలాంటి గోడ పక్కగా అద్దాలు దించి, ఏసీ, పాటలు ఆపేసి, ఇరవైలో నడపండి. మెల్లగా బ్రేకు తొక్కండి. చక్రం దగ్గర పుట్టిన చప్పుడు గోడకు తగిలి నేరుగా మీ చెవికి చేరుతుంది. బయట రోడ్డు మీద వినబడని మాట అక్కడ వినబడుతుంది.

కీచుమనే సన్నటి చప్పుడు వస్తే అది మొదటి కబురు. చాలా కార్లలో బ్రేక్ ప్యాడ్‌కు చిన్న ఇనుప రేకు ఒకటి అమర్చి ఉంటుంది. ప్యాడ్ అరిగి పలచబడగానే ఆ రేకు డిస్క్‌కు తగిలి కీచుమంటుంది. అది లోపం కాదు, కంపెనీ కావాలని పెట్టిన గంట. కొత్త ప్యాడ్ మందం సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చేయాలి. గంట మోగినప్పుడే షెడ్డుకు వెళితే ప్యాడ్‌ల ఖర్చుతో పోతుంది.

వెళ్లకపోతే? కొన్నాళ్లకు కీచు పోయి ‘గర్‌ర్’ మని గరుకు చప్పుడు మొదలవుతుంది. ప్యాడ్ పూర్తిగా అరిగిపోయి, దాని వెనకున్న ఇనుప పలక డిస్క్‌ను గీరేస్తోందన్నమాట. ఇనుము మీద ఇనుము. ఇక అప్పుడు ప్యాడ్‌లతో పాటు డిస్క్ కూడా మార్చాల్సి రావచ్చు. ఆ చప్పుడు వచ్చాక బండిని ఊరు దాటించకూడదు.

ఓ చిన్న మినహాయింపు. రాత్రి వాన కురిసి, పొద్దున్నే బండి తీస్తే మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమనడం మామూలే. డిస్క్ మీద పట్టిన పల్చటి తుప్పు అది. నాలుగైదుసార్లు తొక్కితే పోతుంది. పోకపోతేనే ఆలోచించాలి.

ట్రాక్టరు నేర్పే పాఠం

పేరేచర్ల దాటాక రోడ్డు మీద పత్తి ట్రాక్టర్లు ఎదురవుతాయి. ట్రక్కు మీద బోరాలు అటూ ఇటూ పొంగి, రోడ్డంతా తమదే అన్నట్టు వస్తుంటాయి. ఓ పక్క దూరాన కొండవీటి కొండలు, ఇంకో పక్క ఫిరంగిపురం గుట్ట. మధ్యలో ఈ తెల్లటి కదిలే కొండలు!

కారు నడిపేవాళ్లు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ట్రాక్టరుకు బ్రేకు పెడళ్లు రెండు. ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి. పొలంలో చాలు చివర చటుక్కున తిరగాలంటే ఒక్క వైపు బ్రేకే తొక్కుతారు. బండి అక్కడికక్కడే గిర్రున తిరుగుతుంది. రోడ్డెక్కేముందు మాత్రం ఆ రెండు పెడళ్లనీ కలిపి గొళ్లెం వేయాలి. వేయకుండా వేగంలో ఒక్కటే తొక్కితే పొలంలో తిరిగినట్టే రోడ్డు మీదా తిరుగుతుంది. ఫలితం చెప్పక్కర్లేదు. పైగా వెనకున్న ట్రక్కుల్లో చాలావాటికి సొంత బ్రేకే ఉండదు. ముందున్న ఇంజనే మొత్తం బరువును ఆపాలి. కాబట్టి ట్రాక్టరు వెంటపడి వెళ్లకండి, దాని ముందుకొచ్చి హఠాత్తుగా ఆగకండి.

కారుకు పెడల్ ఒక్కటే అయినా పాఠం మాత్రం అదే. రెండు వైపులా ఒకేలా పట్టాలి. తిన్నని, ఖాళీ రోడ్డు మీద నలభైలో వెళ్తూ స్టీరింగును తేలిగ్గా పట్టుకుని బ్రేకు వేయండి. బండి నిటారుగా ఆగిందా? మంచిది. ఎడమకో కుడికో లాగుతోందా? ఒక వైపు పట్టు ఎక్కువ, ఇంకో వైపు తక్కువ అని అర్థం. కాలిపర్ బిగుసుకుపోయి ఉండొచ్చు, హోస్ పైపు లోపల మూసుకుపోయి ఉండొచ్చు, లైనర్ మీద ఆయిలో గ్రీజో పడి ఉండొచ్చు. ముందు టైర్లలో గాలి రెండు వైపులా సమానంగా ఉందో లేదో చూసుకుని, అయినా లాగుతుంటే షెడ్డుకు తీసుకెళ్లాలి.

ఇక బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగు గడగడ వణుకుతుంటే డిస్క్ అంతటా ఒకే మందంలో లేదని సూచన. వేడెక్కిన డిస్క్ మీద గుంటల్లోని నీళ్లు పడ్డా, చక్రం నట్లు ఒక వైపే అతిగా బిగించినా కాలక్రమంలో ఇలా జరగొచ్చు.

పేట షెడ్డులో పాదం పరీక్ష

నరసరావుపేట... పల్నాడుకు ముఖద్వారం. ఈ ప్రాంతం రోడ్డు మీద బతుకుతుంది. పత్తి, మిర్చి, సిమెంటు, గ్రానైటు... ఏది కదలాలన్నా లారీ కావాలి. లారీలుంటే షెడ్లుంటాయి. షెడ్లుంటే అక్కడ చెవులతోనే రోగం పట్టేసే మేస్త్రీలుంటారు. అలాంటి ఓ రేకుల షెడ్డు ముందు ఆగితే, పంచె కట్టుకున్న ఓ పెద్దాయన తన పాత కారును వదిలిపెట్టడానికి మొరాయిస్తున్నాడు.

‘‘అబ్బాయ్, బ్రేకు పడతంది గదా, ఇంకేంది చూసేది?’’

‘‘పడతంది బాబాయ్. కాకపోతే మూడోసారి తొక్కితే పడతంది. కొండ మీద మూడోసారి తొక్కే టైం ఉంటదా?’’

పెద్దాయన ఇంకేమీ మాట్లాడలేదు. తాళం చెవి ఇచ్చేసి, టీ కొట్టు వైపు నడిచాడు.

ఆ కుర్రాడు చెప్పింది పాదంతో చేసే పరీక్ష. పెడల్ మీద కాలు పెట్టగానే కాస్త దూరం వెళ్లి గట్టిగా ఆగాలి. రాయిలా ఉండక్కర్లేదు, మెత్తటి దిండులా మాత్రం ఉండకూడదు. దిండులా ఉంటే గొట్టాల్లోకి గాలి చేరిందన్నమాట. ఆయిల్ నొక్కితే కుంచించుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. మీ కాలి బలం చక్రం దాకా చేరకుండా మధ్యలో ఆ గాలి బుడగే మింగేస్తుంది. రెండు మూడుసార్లు కొడితే గానీ పట్టడం లేదంటే గాలి చేరి ఉండొచ్చు, వెనక డ్రముల్లో లైనర్లు అరిగి సర్దుబాటు తప్పి ఉండొచ్చు. మన చిన్న కార్లలో చాలావాటికి ముందు డిస్కులు, వెనక డ్రములు. డ్రముల లోపల ఏం జరుగుతోందో బయటికి కనిపించదు. విప్పి చూడాల్సిందే. పత్తి చేల మధ్య బురద దారుల్లో తిరిగే బండ్లకైతే మరీనూ. నల్లరేగడి బంకమట్టి లోపలికి చేరి ఆరిపోయి, రాయైపోతుంది.

ఇంట్లోనే చేసుకోగలిగే పరీక్షలు మరో రెండున్నాయి.

ఒకటి... బండి ఆగి ఉండగా ఇంజను స్టార్ట్ చేసి పెడల్‌ను గట్టిగా తొక్కి అర నిమిషం అలాగే పట్టుకోండి. అది మెల్లమెల్లగా కిందికి జారిపోతుంటే ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా మాస్టర్ సిలిండర్ లోపల వాషర్లు పోయాయి. ఆ బండితో ప్రయాణం వద్దు.

రెండు... ఇంజను ఆపేసి పెడల్‌ను నాలుగైదుసార్లు కొట్టండి. గట్టిపడుతుంది. అలా తొక్కి పట్టుకునే ఇంజను స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తోందని లెక్క. దిగకపోతే చూపించాలి.

ఈ రెండో పరీక్షలో ఓ పెద్ద హెచ్చరిక దాగుంది. డీజిల్ మిగులుతుందని దిగుడులో ఇంజను ఆపి, న్యూట్రల్‌లో బండిని వదిలేసే అలవాటు కొందరికి ఇప్పటికీ ఉంది. ఇంజను ఆగితే రెండు మూడు తొక్కుళ్లకే బూస్టర్ సాయం అయిపోతుంది. ఆ తర్వాత పెడల్ గోడను తన్నినట్టే ఉంటుంది. మిగిలిన డీజిల్ ఖరీదెంత... పోయేదాని ఖరీదెంత?

అరుగు మీద కారు

పేటలో, గుంటూరులో, చిలకలూరిపేటలో... మరో రకం కార్లు కనిపిస్తాయి. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటారు. వచ్చినప్పుడు తిరగడానికని కొన్న కారు పోర్టికోలో గుడ్డ కప్పుకుని నిద్రపోతుంటుంది. ‘‘బండి అయిదు వేలు కూడా తిరగలేదు, కొత్తదే’’ అంటారు అమ్మానాన్నలు గర్వంగా.

తిరగని బండి కొత్తది కాదు. నెలల తరబడి నిలిపితే డిస్కులు తుప్పుపడతాయి. కాలిపర్ పిన్నులు బిగుసుకుపోతాయి. హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచితే లైనర్లు డ్రముకు అతుక్కుపోతాయి. అన్నిటికన్నా ముఖ్యం బ్రేక్ ఆయిల్. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. బండి తిరిగినా తిరగకపోయినా సరే, దాని వయసు పెరుగుతూనే ఉంటుంది.

తేమ చేరితే ఏమవుతుంది? ఇప్పటి కార్లలో ఎక్కువగా వాడేది డాట్-4 రకం. ప్రమాణాల ప్రకారం కొత్తగా ఉన్నప్పుడు అది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. రెంటచింతల ఎండలు 45 డిగ్రీలు దాటినా ఆయిల్‌కు ఏమీ కాదు. కానీ ఘాట్ దిగేటప్పుడు డిస్కులు వందల డిగ్రీల వేడెక్కుతాయి. ఆ వేడి ఆయిల్‌కు పాకి, అందులోని నీరు ఆవిరైందా... గొట్టంలో మళ్లీ గాలి బుడగే. పెడల్ నేలను తాకుతుంది. బండి ఆగదు. అరగంట చల్లారాక చూస్తే బ్రేకు మామూలుగా పనిచేస్తుంది. ‘ఏమీ లేదే’ అనిపిస్తుంది. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చమంటాయి. కిలోమీటర్లతో పని లేదు, క్యాలెండరు చూడాలంతే.

బానెట్ ఎత్తి చూడటం కంటి పని. చిన్న ప్లాస్టిక్ డబ్బా మీద ‘మ్యాక్స్’, ‘మిన్’ అని రెండు గీతలుంటాయి. మట్టం రెంటి మధ్యా ఉండాలి. ప్యాడ్‌లు అరిగేకొద్దీ మట్టం మెల్లగా తగ్గడం సహజం. అందుకే తగ్గగానే పోసేసి ఊరుకోకూడదు. ఎందుకు తగ్గిందో చూడాలి. హఠాత్తుగా తగ్గితే ఎక్కడో కారుతోందని అర్థం. చక్రాల లోపలి వైపు తడి ఉందేమో చూడండి. లేత తేనె రంగులో ఉండాల్సిన ఆయిల్ కాఫీ డికాషన్‌లా నల్లబడితే మార్చే రోజు దాటిపోయినట్టే. ఒక్క జాగ్రత్త... అందులో ఇంజను ఆయిల్ గానీ, ఇంకే ఆయిల్ గానీ చుక్క కూడా పోయకూడదు. లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి మొత్తం వ్యవస్థే పాడవుతుంది.

కోటప్పకొండ మీద చిన్న పరీక్ష

నరసరావుపేట నుంచి కాస్త పక్కకెళితే కోటప్పకొండ. త్రికూటేశ్వరుడి సన్నిధి. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆకాశాన్నంటే ప్రభలు కదిలొస్తాయి. మిగతా రోజుల్లో మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. కొండ మీదికి చక్కటి ఘాట్ రోడ్డు ఉంది. పైకి వెళితే కింద పరుచుకున్న పచ్చటి, ఎర్రటి మైదానమంతా కనిపిస్తుంది. మిరప కళ్లాలు ఎర్ర దుప్పట్లు ఆరేసినట్టుంటాయి.

శ్రీశైలం వెళ్లేవాళ్లకు ఇది దేవుడిచ్చిన అవకాశం. పెద్ద పరీక్షకు ముందు చిన్న పరీక్ష! కొండ దిగాక బండి పక్కకు ఆపి కిందికి దిగండి. నాలుగు చక్రాల దగ్గరకూ వెళ్లి అరచేతిని కాస్త దూరంలో ఉంచి వేడి చూడండి. ముట్టుకోవద్దు, కాలుతుంది. ముందు రెండూ ఒకేలా, వెనక రెండూ ఒకేలా ఉండాలి. ఒక్కటి మాత్రం నిప్పు కణికలా ఉంటే అక్కడ బ్రేకు వదలడం లేదు.

తర్వాత ముక్కుకు పని. కాలిన వాసన వస్తోందా? ఎక్కేటప్పుడు వస్తే అది క్లచ్‌ది కావచ్చు. దిగాక చక్రం దగ్గర వస్తే బ్రేకుదే. పొగ కూడా కనిపిస్తే నీళ్లు చల్లకండి. అలాగే చల్లారనివ్వండి. హ్యాండ్ బ్రేక్ సంగతీ ఇక్కడే తేలుతుంది. చదును నేల మీద దానికి పరీక్షే లేదు. వాలులో నిలిపి లాగితే బండి కదలకూడదు. ఒకప్పుడు అయిదు క్లిక్కులకు పట్టేది ఇప్పుడు పదికి పడుతోందంటే కేబుల్ సాగిందనో, లైనర్లు అరిగాయనో లెక్క.

తూర్పు ద్వారం దగ్గర ఆఖరి అవకాశం

వినుకొండ... మహాకవి జాషువా పుట్టిన గడ్డ. అది దాటాక నేల రంగు మారుతుంది. నల్లరేగడి పలచబడి ఎర్ర నేలలు, రాతి గుట్టలు మొదలవుతాయి. త్రిపురాంతకం వచ్చేసరికి పడమటి దిక్కున నల్లమల నీలి గీతలా కనిపిస్తుంది. శ్రీశైలానికి నాలుగు ద్వారాలు. త్రిపురాంతకం తూర్పు ద్వారం. పూర్వం యాత్రికులు ఇక్కడ స్వామిని దర్శించుకుని అడవిలోకి అడుగుపెట్టేవారట. కారులో వెళ్లేవాళ్లు కూడా ద్వారం దగ్గర ఆగడం మంచిదే. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగి ఉందేమో చూడండి. హ్యాండ్ బ్రేక్ దించినా అది ఆరలేదంటే ఆయిల్ తగ్గిందన్నమాట. పసుపు రంగు ఏబీఎస్ దీపం వెలిగితే మామూలు బ్రేకు పనిచేస్తుంది గానీ, గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏర్పాటు పనిచేయదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. అలాంటి కారులో గట్టిగా బ్రేకు వేస్తే పెడల్ పాదం కింద దడదడలాడుతుంది. అది లోపం కాదు, పనిచేస్తోందనడానికి గుర్తు. భయపడి కాలు తీయకండి.

దోర్నాలలో టీ తాగి, అటవీ శాఖ చెక్‌పోస్టు దాటితే ఇక అంతా అడవి. శ్రీశైలం దాకా సుమారు 50 కిలోమీటర్లు. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రిళ్లు బండ్లను వదలరు. మలుపులు, ఎత్తులు, పల్లాలు. ఎక్కేటప్పుడు కష్టం ఇంజనుది. దిగేటప్పుడు కష్టం బ్రేకుది. చాలామంది ఎక్కడానికే భయపడతారు. భయపడాల్సింది దిగడానికి!

పాత లారీ డ్రైవర్లు చెప్పే సూత్రం ఒకటుంది. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. రెండో గేరులో, మూడో గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు మీద కాలు ఆనించి అలాగే ఉంచకూడదు. వేగం పెరిగినప్పుడు ఒకసారి గట్టిగా తొక్కి తగ్గించి, కాలు తీసేయాలి. ఆ మధ్య దొరికే విరామంలోనే డిస్క్ ఊపిరి పీల్చుకుంటుంది. పెడల్ ముందుకన్నా లోతుకు పోతున్నట్టు అనిపించినా, తొక్కినంత పట్టు రాకపోయినా వెంటనే వెడల్పైన చోట ఆపేయండి. అరగంట ఆలస్యమైతే మల్లన్న ఏమీ అనుకోడు.

ఒకవేళ బ్రేకు పూర్తిగా పోతే? కంగారులో న్యూట్రల్ చేయొద్దు, ఇంజను ఆపొద్దు. పెడల్‌ను టకటకా కొడుతూ ఉండండి, కాస్త పట్టు దొరకొచ్చు. గేర్లు ఒక్కోటిగా దించండి. హ్యాండ్ బ్రేక్‌ను ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా లాగండి. లోయ వైపు కాదు, కొండ వైపు ఉండండి.

ఎవరు చూస్తారు?

2018 సెప్టెంబరు 11న తెలంగాణలో కొండగట్టు ఘాట్ దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడింది. యాభై మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ బస్సులో దాదాపు వంద మంది ఉన్నారు. బరువు, వాలు, బ్రేకు... ఈ మూడింటి లెక్క తప్పితే క్షమించే అవకాశం కొండకు ఉండదు. అది బస్సయినా ఒకటే, ఏడుగురెక్కిన కారైనా ఒకటే.

లారీలకు, బస్సులకు కనీసం ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా అధికారుల ముందు నిలబడాలి. సొంత కారుకు? రిజిస్ట్రేషన్ అయిన రోజు నుంచి పదిహేనేళ్ల దాకా ఫిట్‌నెస్ పరీక్ష అన్నదే లేదు. కాలుష్య ధ్రువపత్రం అడుగుతారు, బీమా అడుగుతారు. బ్రేకులు పడుతున్నాయా అని అడిగేవాళ్లే ఉండరు. ఆ పదిహేనేళ్లూ తనిఖీ అధికారి మీరే! సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా, లేదా పదివేల కిలోమీటర్లకోసారి చక్రాలు విప్పించి ప్యాడ్‌లు, లైనర్లు మీ కళ్లతో చూడండి. మార్చినవి పాతవి చేతిలో పెట్టమని అడగండి.

మిర్చి రైతు కాయను చేతిలోకి తీసుకుని గలగలలాడించి, ఎంత ఆరిందో చెప్పేస్తాడు. పత్తి రైతు పింజను వేళ్లతో లాగి పొడవు చెప్పేస్తాడు. యంత్రాలొచ్చినా ఆ చెవిని, ఆ వేళ్లను వాళ్లు వదులుకోలేదు. ఆ శ్రద్ధలో కాస్త బండికీ మిగిల్చితే చాలు. బ్రేకు ముందే చెబుతుంది. మైదానంలో మెల్లగా చెబుతుంది, కొండ మీద గట్టిగా చెబుతుంది. మెల్లగా చెప్పినప్పుడే వినడం మేలు.